ఫోనులో మహాదేవమ్మ గొంతు

నారాయణఖేడ్‌లో చంటిపిల్ల ఏడుపు ఎంతకీ ఆగకపోతే తల్లి తెల్లవారేసరికి మహాదేవమ్మ గడపలో ఉంటుంది. ఇష్టలింగ పూజ ముగించి, విభూతి దిద్దుకున్నాకే ఆమె పిల్లను ఒళ్లోకి తీసుకుంటుంది. కడుపు నిమురుతుంది, మాడు తడుముతుంది, ఉచ్చ పోసిందా అని అడుగుతుంది. తన చేతిలో లేనిదైతే తల్లితోపాటు తానూ దవాఖానకు నడుస్తుంది. ఎవరైనా దోసెడు కందులు తెస్తే, అవి సాయంత్రానికల్లా ఆసరా లేని పక్కింటి బసమ్మ చేటలో ఉంటాయి.

మనవరాలు శైలశ్రీ పట్నంలో కంప్యూటర్ పని చేస్తుంది. చలికాలమంతా ఆమె ఊళ్లోనే ఉండి, వచ్చిన తల్లులను అడిగి, అవ్వ మాట్లాడిన ప్రతి మాటా ఫోనులో పట్టింది. ఆ మాటలన్నీ నేర్చుకున్న కృత్రిమ మేధ ఇప్పుడు అవ్వ గొంతుతోనే జవాబిస్తుంది. మొదటిసారి విన్నప్పుడు మహాదేవమ్మ మెడలోని లింగాన్ని గట్టిగా పట్టుకుంది.

"నేనీడ ఉంటి. మరి గా లోపల మాట్లాడేది ఎవరే?"

"నువ్వే అవ్వా. కాకపోతే అది నీ లెక్క అలగది" అని నవ్వింది శైలశ్రీ.

మేలు లేకపోలేదు. శైలశ్రీ పరీక్ష కోసం దాన్ని కొద్దిమందికే ఇచ్చింది. సిర్గాపూర్ నుంచి కూలికి పట్నం పోయి, పెద్దదిక్కు లేకుండా రేకుల గుడిసెలో ఉంటున్న ఉమారాణి వాళ్లలో ఒకతె. ఆమె బిడ్డకు విరేచనాలు పట్టుకున్నప్పుడు "ఉచ్చ పోస్తలేదా? ఇగ కూసోకు, దవాఖానకు నడువ్" అని గదమాయించింది ఫోనే. బిడ్డ బతికింది. అందుకే సోమవారం అందరికీ వదిలేద్దామని శైలశ్రీ పట్టు.

"నాగల్‌గిద్ద దిక్కు తండాలున్నయ్ అవ్వా. అన్నింటికి నువ్వు పోతవా?"

"పోలేను. కానీ నేను చూడని పిల్లకు నా నోరు మందు చెప్తది. తప్పయితే ఆ తల్లి ఎవర్ని అడగాలె?"

శైలశ్రీ బదులు చెప్పేలోపే ఉమారాణి ఫోను చేసింది. గొంతులో సంబరం.

"అవ్వా, పొద్దుగాల పిల్లకు జరమొచ్చింది. ఏడ్చి ఏడ్చి సప్పుడు బంద్ చేసింది. పాలు గూడ తాగలే. ఫోన్ల నిన్నడిగితే 'బంగారుతల్లి అలసింది, పడుకోనియ్యి' అంటివి. ఇంకా పడుకునే ఉంది."

మహాదేవమ్మ దిగ్గున లేచింది. ఆ మాట ఆమెదే. జబ్బుపడ్డ పిల్ల ఎదుట చెడుమాట పలకకూడదని వాళ్లింట్లో పట్టింపు. సొమ్మసిల్లిన పిల్లను చూసి ఆమె అత్త అలాగే అనేది, తానూ అలాగే అంటుంది. అంటూనే కొడుకు శివానంద్‌కు కళ్లతో సైగ చేస్తుంది, గడప ముందుకు ఆటో వస్తుంది. ఫోను మాటను పట్టుకుంది. సైగ దానికి అందలేదు.

"లేపు బిడ్డా! అరికాలు గిల్లు!"

అటువైపు ఉమారాణి పిలుపులు, ఆ వెంటనే ఏడుపు. మహాదేవమ్మ పెదవులు "బసవా, బసవా" అంటున్నాయి. ఎంతసేపటికో పిల్లికూన మాదిరి సన్నగా ఒక మూలుగు వినిపించింది.

"ఎత్తుకో. పక్కోళ్లను పిలువు, దవాఖానకు ఉరుకు. ఫోన్ పెట్టకు, నేనున్న. నిజంగ నేనే."

పక్క గుడిసె ధర్మేందర్ బండి మీద తీసుకుపోయాడు. పిల్ల కళ్లు తెరిచిందని తెలిసేదాకా మహాదేవమ్మ మంచినీళ్లు ముట్టలేదు.

శైలశ్రీ కళ్లు తుడుచుకుంది. "నాదే తప్పు అవ్వా. ఇదొక్కటి సరిజేస్తే..."

"సరిజెయ్యి, నేనూ కూసుంట. కానీ నోటితోని ఒకటని చేత్తోని ఇంకోటి చేసినవి ఎన్నున్నయో నాకే ఎరుక లేదే."

సోమవారం అది బయటికి పోలేదు. పరీక్షకు తీసుకున్న కొద్దిమంది ఫోన్లలోనూ శైలశ్రీ దాన్ని ఆపేసింది. పెద్దదిక్కు లేని ఆ ఇళ్లలో పిల్లలు ఏడుస్తూనే ఉంటారు. ఆ దిగులూ మహాదేవమ్మను వదల్లేదు.

మర్నాడు మనూర్ నుంచి ఒక తల్లి వాలిపోయిన పిల్లను తెచ్చింది. "బంగారుతల్లి" అనబోయి మహాదేవమ్మ ఆగింది. గోడ వైపు, గూటిలో మళ్లీ తన మాటలు పడుతున్న ఫోను వైపు చూసింది.

"పిల్ల బాగలేదు బిడ్డా. దవాఖానకు పోదాం పా" అంది పైకే. అని, తప్పు చేసినదానిలా లెంపలు వేసుకుని, పిల్లను ఎత్తుకుని ముందు నడిచింది.