ఆదివారం మొదటి బంతి

దమయంతికి కోపం వస్తే గొంతు తగ్గుతుంది. అమెరికాలోని ట్రాయ్ ఊళ్లో ఆమెని పాతికేళ్లుగా ఎరిగినవాళ్లకి ఈ సంగతి తెలుసు. ఆమె పనిచేసే బ్రేకుల కంపెనీకి సరుకు పంపేవాళ్లకి ఇంకా బాగా తెలుసు. శుక్రవారానికల్లా పంపిస్తామని మాటిచ్చి పంపనివాడితో ఆమె సోమవారం పొద్దున ఎంతో మెత్తగా మాట్లాడుతుంది. ఆ మెత్తదనం రుచి చూసినవాడు మళ్లీ ఆలస్యం చెయ్యడు.

తేదీలు పెట్టడం, ఆ తేదీలకి జనాన్ని కట్టిపడెయ్యడం ఆమె ఉద్యోగం. కొత్త మోడల్ కారుకి బ్రేకులు ఏ ఫ్యాక్టరీకి ఎప్పుడు చేరాలో రెండేళ్ల ముందే తేల్చేస్తుంది. ఆ విద్య ఇంట్లోకీ పాకింది. పిక్నిక్ అయినా పెళ్లయినా చుట్టాలు ప్లానింగ్ అంతా ఆమె నెత్తిన పడేస్తారు. ఆమె విసుక్కుంటూనే చేస్తుంది, వేలెత్తి చూపడానికి లేకుండా చేస్తుంది. అందుకే అక్క పద్మజ మొగుడు దామోదర్‌కి తన అరవయ్యో పుట్టినరోజున స్కాట్లండ్‌లో గోల్ఫ్ ఆడాలని బుద్ధి పుట్టగానే, ఫోన్ మోగింది దమయంతి ఇంట్లోనే.

"రెండు ఫ్యామిలీలూ వెళ్దాం. సెయింట్ ఆండ్రూస్‌లో ఓల్డ్ కోర్స్ అని ఉంది చూడు, గోల్ఫ్ పుట్టిల్లు. నా బర్త్‌డే ఆదివారం వచ్చింది. గుడిలో పంతులుగారిని అడిగాను. నా నక్షత్రానికి ఆ రోజు దివ్యంగా ఉందట. రాహుకాలం సాయంత్రం కాబట్టి, పొద్దున పదింటికి ఫస్ట్ బాల్ కొట్టెయ్యమన్నారు. బుక్ చెయ్యి," అన్నాడాయన.

"అలాగే బావగారూ," అంది దమయంతి.

ఆ వారాంతం కంప్యూటర్ ముందు కూర్చుంది. అక్కడి పాత కోర్సులన్నీ, అంటే గోల్ఫ్ మైదానాలన్నీ, సముద్రం ఒడ్డున ఇసుక దిబ్బల మీద ఉంటాయనీ, చెట్టన్నది కనిపించదనీ, గాలి తిరిగితే బంతి వచ్చిన దారినే పోతుందనీ చదివింది. ప్రెస్ట్‌విక్‌కి ఒక రోజు, కార్నూస్టీకి ఒక రోజు వేసింది. ఆ తర్వాత ఓల్డ్ కోర్స్ గురించి చూస్తే అసలు సంగతి బయటపడింది. ఎప్పుడో పెద్ద పోటీలప్పుడు తప్ప, ఆదివారం అక్కడ గోల్ఫ్ ఆడనివ్వరు. ఆ రోజు ఆ నేలంతా ఊరివాళ్లది. కుక్కల్ని తిప్పుకుంటారు, పిల్లల్ని పరిగెత్తిస్తారు, ముసలి దంపతులు చెయ్యీ చెయ్యీ పట్టుకుని నడుస్తారు. పంచాంగంలో తిథి ఉంటుంది, వారం ఉంటుంది, నక్షత్రం ఉంటుంది. సెయింట్ ఆండ్రూస్‌లో ఆదివారం ఆట బంద్ అని ఉండదు. పంతులుగారికి మాత్రం ఎలా తెలుస్తుంది పాపం.

వెంటనే ఫోన్ తీసింది. చెబుదామనే తీసింది, అందులో అబద్ధం లేదు.

"బావగారూ, ఆదివారమే కావాలా? శనివారం అయితే..."

"మొదలెట్టావా? ఆదివారమంటే ఆదివారమే. నీకు చెప్పిన పని చెయ్యమ్మా, నా ముహూర్తం నువ్వు మార్చక్కర్లేదు," అని ఆయన పెట్టేశాడు.

దమయంతి ఫోన్ బల్ల మీద పెట్టింది. మళ్లీ చేసి ఒక్క ముక్క చెబితే అయిపోయేది. లేచి మంచినీళ్లు తాగి వచ్చి కూర్చునేసరికి, చెప్పకూడదని నిశ్చయించుకుంది. ఆరేళ్లుగా ఆమె లోపల కుంపటి రగులుతోంది. దాని మీద ఎవరో ఊదినట్టయింది.

దామోదర్‌కి గోల్ఫ్ పిచ్చి అని ఊళ్లో అనుకుంటారు. ఆయనకి ఉన్నది కప్పుల పిచ్చి. బంతి చెడ్డచోట పడితే చుట్టూ చూసి బూటు మొనతో మంచి గడ్డి మీదకి నెడతాడు. తక్కువ దెబ్బల్లో ముగించినవాడే గెలిచే ఆటలో, ఎనిమిది దెబ్బలు కొట్టి ఆరు అంటాడు. ఆయనతో ఆడేవాళ్లందరికీ తెలుసు. పెద్దాయన, నలుగురికీ ఉద్యోగాలు ఇప్పించినవాడు, పోనిద్దూ అని ఊరుకుంటారు.

ఆరేళ్ల కిందట దమయంతి కూతురు దేదీప్యకి పదిహేనేళ్లు. హైస్కూల్ గోల్ఫ్ టీములో ఆడేది. తెలుగువాళ్ల సంఘం ఏదో చారిటీ టోర్నమెంట్ పెడితే, పెదనాన్న గుంపులోనే పడింది. గోల్ఫ్‌లో ఒకరి స్కోరు ఇంకొకరు రాయడం పద్ధతి. పెదనాన్న కార్డు రాసే పని ఆ పిల్లకి వచ్చింది. ఆ పిల్లకి కోచ్ ఏం నేర్పాడో అదే చేసింది, చూసింది చూసినట్టు రాసింది. ఆ లెక్కన చూస్తే దామోదర్‌కి కప్పు రాదు. బహుమతుల బల్ల దగ్గర, అందరూ సమోసాలు తింటుండగా, ఆయన ఆ కార్డు పైకెత్తి ఆడించాడు.

"మా మరదలి కూతురికి లెక్కలు రావండీ. రావో, కావాలనే దొంగ లెక్క రాసిందో, వాళ్లమ్మనే అడగాలి," అన్నాడు.

జనం నవ్వారు. పిల్ల ముఖం కందగడ్డ అయిపోయింది. "నేను చూసిందే రాశాను," అంది. పద్మజ చెల్లెలి వైపు చూసి కళ్లతో సైగ చేసింది. దమయంతీ, ఆమె భర్త శశికాంతూ అమెరికా వచ్చిన కొత్తలో ఏడాదిపాటు ఉన్నది అక్కావాళ్ల బేస్‌మెంట్‌లో. శశికాంత్‌కి హెచ్ వన్ వీసా ఇప్పించిన ఉద్యోగం దామోదర్ మాటసాయంతో దొరికిందే. ఆ సైగలో అవన్నీ ఉన్నాయి. "పెదనాన్నకి సారీ చెప్పు," అంది దమయంతి. పిల్ల చెప్పింది. దామోదర్ స్కోరు దిద్దించి కప్పు తీసుకున్నాడు. పై వారమే దేదీప్య టీములోంచి తప్పుకుంది. ఎందుకని ఎంత అడిగినా "బోర్ కొట్టింది" అనే చెప్పింది.

ఆ సారీ కూడా దామోదర్ వల్లే చెప్పించాల్సి వచ్చింది కాబట్టి, దమయంతి దాన్నీ ఆయన పాపాల్లోనే కలిపేసింది.

అప్పట్నుంచి అవకాశం కోసం చూస్తూనే ఉంది. ఇప్పుడు అవకాశం తనంతట తానే గడప తొక్కింది. ఇక ఆమె ప్లాన్ చేసిన తీరు చూడాలి. ఎడింబరాకి విమానాలు, సముద్రం కనిపించే హోటలు, పద్మజ మోకాళ్లకి ఇబ్బంది లేకుండా లిఫ్ట్ పక్కన గది, ఎక్కడ పప్పన్నం దొరుకుతుందో కూడా కనుక్కుంది. దామోదర్ ఎప్పుడు అడిగినా, "ఆదివారం పదింటికి మనం ఓల్డ్ కోర్స్ మీద ఉంటాం బావగారూ," అనేది. బుక్ చేశానని ఒక్కసారి కూడా అనలేదు. అబద్ధం చెప్పి పగ తీర్చుకుంటే ఆయనకీ తనకీ తేడా ఏముంటుందని ఆమె పట్టుదల.

దామోదర్ ఊరంతా చెప్పుకున్నాడు. తన పేరు కుట్టించిన తెల్ల చొక్కాలు చేయించాడు. ఆ రోజు పొద్దున ఇండియాలో చుట్టాలందరికీ ఫోన్లో లైవ్ చూపిస్తానని గ్రూపులో పెట్టాడు. ఒక్కొక్కటీ వింటుంటే దమయంతికి వంట్లో కొత్త రక్తం ఎక్కినట్టుండేది. తెల్ల చొక్కా తొడుక్కుని, కర్ర పట్టుకుని, లైవ్ ఆన్ చేసి, ఒక కుక్క ముందు నిలబడ్డ బావగారు కళ్లముందు మెదిలేవాడు. మీటింగుల్లో కూడా నవ్వు ఆపుకోవడం కష్టమైపోయింది.

ప్రయాణం దగ్గర పడగానే దామోదర్ ఇంట్లో భోజనానికి పిలిచాడు. ఆయన గోల్ఫ్ స్నేహితులు కూడా వస్తున్నారు, ప్లాన్ అందరికీ టీవీ మీద వేసి చూపించాలట. దేదీప్య ఆన్ ఆర్బర్ నుంచి వచ్చింది. అక్కడ కాలేజీలో ఆఖరి సంవత్సరం చదువుతోంది. ట్రిప్‌కి వస్తానని ఆ పిల్ల ఒప్పుకోవడమే దమయంతికి ఆశ్చర్యం. బయల్దేరే ముందు వంటింట్లో గులాబ్‌జామూన్లు గిన్నెలోకి తీస్తూ ఇక ఉండబట్టలేక కూతురికి గుట్టంతా చెప్పేసింది. పిల్ల ఎగిరి గంతేస్తుందనుకుంది.

దేదీప్య కౌంటర్‌కి ఆనుకుని అంతా విని, "ఓకే," అంది.

"ఓకే ఏమిటే? నీ కోసమే కదా ఇదంతా."

"నాకోసమా? అమ్మా, నాకు పెదనాన్న మీద కోపం లేదు. హి ఈజ్ లైక్ దట్. ఆయన చీట్ చేస్తారని అక్కడ అందరికీ తెలుసు."

"మరి ఆట ఎందుకు మానేశావు?"

"నువ్వు సారీ చెప్పమన్నావు కదా," అంది పిల్ల. "నేను కరెక్ట్‌గా రాశాను అని నీకు తెలుసు. తెలిసి కూడా చెప్పమన్నావు. తర్వాత ఎవరి కార్డు రాయబోయినా... ఐ డోంట్ నో. రాయలేకపోయాను."

దమయంతి చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. పాకం కౌంటర్ మీద కారింది. అక్క, బేస్‌మెంట్, ఉద్యోగం, అన్నీ గొంతుదాకా వచ్చాయి. కన్నకూతురి ముందు ఒక్కటీ నిలబడేలా కనిపించలేదు. బయట శశికాంత్ హారన్ కొట్టాడు.

దామోదర్ ఇంట్లో హాలు నిండుగా ఉంది. టీవీ మీద స్కాట్లండ్ మ్యాప్. దమయంతి ఒక్కొక్క రోజూ చెప్పుకుంటూ పోయింది. గొంతు ఎక్కడా తడబడలేదు. ఆదివారం వచ్చేసరికి స్నేహితులు చప్పట్లు కొట్టారు. దామోదర్ లేచి నిలబడి, లేని కర్రతో ఒక దెబ్బ కొట్టి చూపించాడు. పెరుగన్నం కంచంతో మూల కూర్చున్న దేదీప్య ఆయన కంటబడింది.

"అక్కడ మాత్రం నా కార్డు నువ్వు రాయకు తల్లీ," అన్నాడు. "ఇంటర్నేషనల్‌గా నా పరువు పోతుంది."

అందరూ నవ్వారు. ఆరేళ్ల కిందట నవ్వినవాళ్లే, సమోసాల బదులు చేతుల్లో బజ్జీలు, అంతే తేడా.

"ఆ రోజు మా అమ్మాయి రాసిందే నిజం బావగారూ," అంది దమయంతి.

గొంతు ఎంత తగ్గిందంటే, దగ్గర్లో ఉన్నవాళ్లు తినడం ఆపి విన్నారు.

"ఏ రోజు?"

"మీరు కప్పు తెచ్చుకున్న రోజు. మీరు ఎనిమిది కొట్టి ఆరు చెప్పారు. బూటుతో బంతి నెట్టారు. ఇక్కడున్న వీళ్లందరికీ తెలుసు, మొహమాటానికి చెప్పరు. పదిహేనేళ్ల పిల్లని దొంగ అన్నారు. తప్పు చెయ్యని దానిచేత నేను మీకు సారీ చెప్పించాను. ఆ సారీ వెనక్కి తీసుకుంటున్నాను."

స్నేహితులు కంచాల్లోకి చూసుకున్నారు. పద్మజ చెల్లెలి వైపు కళ్లతో సైగ చేసింది.

"నాకు సైగలు చెయ్యకక్కా," అంది దమయంతి. "నీ ఇంట్లో ఉన్నాం, నీ చేతి అన్నం తిన్నాం. ఆ రుణం నాదీ మా ఆయనదీ. మా పిల్లది కాదు."

శశికాంత్ నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు. కానీ వచ్చి భార్య పక్కన నిలబడ్డాడు.

దామోదర్ ముఖం జేవురించింది. "నా ఇంట్లో నిలబడి, నా బర్త్‌డే ముందు నన్ను అవమానిస్తావా? మీరెవ్వరూ రానక్కర్లేదు. మేం వెళ్తాం. ఆ ప్లాన్ నాకు ఫార్వర్డ్ చేసి మీ టికెట్లు క్యాన్సిల్ చేసుకోండి."

"సరే బావగారూ," అంది దమయంతి. అక్కడే నిలబడి ఫోన్ తీసి, విమానాలు, హోటళ్లు, కోర్సులు అన్నీ ఆయనకి పంపించింది. గులాబ్‌జామూన్ల గిన్నె అక్కడే వదిలేసి చెప్పులేసుకుంది.

కారు బయల్దేరింది. అక్కతో మళ్లీ ఎప్పుడు మాటలుంటాయో తెలియదు, అసలు ఉంటాయో ఉండవో. దమయంతికి ఏడుపు వస్తోంది, దానితోపాటే ఆకలీ వేస్తోంది. ఆ ఇంట్లో ఒక్క ముద్ద కూడా నోట పెట్టుకోలేదు.

వెనక సీట్లోంచి దేదీప్య ముందుకి వంగింది.

"అమ్మా, సండే సంగతి వాళ్లకి చెప్పలేదు నువ్వు."

"లేదు."

"చెప్తావా?"

ఆరేళ్లు మోసిన పగ అది. దమయంతి వెనక్కి తిరిగి కూతురి ముఖం చూసింది. "నువ్వు చెప్పమంటే ఇప్పుడే ఫోన్ చేసి చెప్తాను. ఈసారి నీ ఇష్టం," అంది.

దేదీప్య సిగ్నల్ వచ్చేదాకా ఆలోచించింది.

"వద్దులే," అంది.

"ఏం వద్దు? సండే ఏమిటి?" అన్నాడు శశికాంత్.

తల్లీకూతుళ్లిద్దరూ కిటికీల్లోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు.