కరెంటు లేనప్పుడు అరవై రెండు డిగ్రీలు

నాకు తెలివి తక్కువని ఎవరైనా అంటే అప్పుడూ ఊరుకోలేదు, ఇప్పుడూ ఊరుకోను. పాశమైలారంలో నేను పనిచేసిన మందుల ఫ్యాక్టరీలో ఏ పంపు మొరాయించినా ముందు నన్నే పిలిచేవారు. నా తంటా అంతా బ్యాచ్ షీటుతోనే. రియాక్టర్‌లో సరుకు ఉడుకుతున్నంతసేపూ అరగంటకోసారి మీటరు చూసి, వేడి ఎంతుందో షీటు గడిలో రాసి సంతకం చేయాలి. అంతకన్నా సులువైన పని లేదు. నాకు అదే చేతకాలేదు. పెన్ను తీసుకుని బయల్దేరితే దారిలో ఏదో వాల్వు కారుతూ కనబడేది. దాన్ని బిగించేలోగా మా దగ్గర హెల్పర్లుగా చేసే బిహార్ కుర్రాళ్లు ఏదో అడిగేవారు. తిరిగొచ్చేసరికి నాలుగు గడులు ఖాళీ. అరవై ఒకటి, అరవై రెండు, అరవై రెండు అంటూ వరసగా నింపేసేవాణ్ని.

అప్పటికే రెండు మెమోలు తిన్నాను. మూడోది వస్తే ఉద్యోగం పోయినట్టే. అలాంటి రోజుల్లో, ఒక మధ్యాహ్నం కరెంటు పోయి మీటర్లన్నీ ఆరిపోయి ఉన్న అరగంటకు కూడా అరవై రెండని చక్కగా రాసి సంతకం పెట్టాను.

మా షిఫ్ట్ ఇన్‌చార్జి హత్నూర మనిషి. షీటు నా ముందు పెట్టాడు.

"కరెంటే లేకుంటే నీకు అరవై రెండు యాడ కనబడ్డదిరా? బ్యాచ్ పక్కకు పెట్టించిన, ల్యాబోళ్లు సూస్తరు. పనిదొంగవైతే నిన్ను ఎప్పుడో ఎల్లగొట్టేటోన్ని. పనంత నువ్వే చేస్తవు, రాసుడొక్కటే కాదు. గిదేందో కంపెనీ డాక్టర్‌కు సూపించుకో. అప్పటిదాంక ఈ మూడో మెమో నా దగ్గర్నే ఉంటది."

కంపెనీ డాక్టరు చాలాసేపు ప్రశ్నలడిగి, పట్నంలో మనసు జబ్బులు చూసే డాక్టరుకు చీటీ రాశాడు. నాకేం పిచ్చా అని ఇంట్లో అరిచాను.

"పిచ్చోళ్లే పోతరా ఆడికి? మొన్న పాలకని సైకిల్ మీద పోయి, పాలు లేక, సైకిల్ లేక నడుసుకుంట వచ్చినవు. ఇగ లెవ్వు, నేను గూడ వస్త" అంది నా భార్య.

పట్నం డాక్టరు నా చిన్నతనం గురించి అడిగింది. మా అమ్మ దగ్గర విన్నవన్నీ నా భార్యే చెప్పింది. అంతా విని, "ధ్యాస నిలవకపోవడం పెద్దవాళ్లకూ ఉంటుంది. ఇది బద్ధకం కాదు" అందావిడ. నలభైకి దగ్గరపడ్డ మగవాణ్ని, ఆ కుర్చీలో కూర్చుని ఏడ్చేశాను. అందుకు ఇప్పటికీ సిగ్గుపడను.

బీపీ చూసి చిన్న మోతాదులో మాత్రలు మొదలుపెట్టింది. మొదట్లో మధ్యాహ్నం ఆకలి చచ్చిపోయేది, నా భార్య పొద్దున్నే రెండు ముద్దలు ఎక్కువ పెట్టేది. "మాత్ర మిమ్మల్ని గడి దాకా తీసుకెళ్తుంది. రాసే అలవాటు మీరే చేసుకోవాలి. పనిచేసేచోట ఒక్కరికైనా చెప్పండి" అంది డాక్టరు. మాత్ర మింగడం తేలిక, చెప్పడమే కష్టం. మెంటల్ అని పేరు పడితే చచ్చేదాకా పోదు.

అయినా క్యాంటీన్‌లో ఇన్‌చార్జికి అంతా చెప్పాను. షీటులో నా సంతకం పక్కన, సరిచూసినవాడిగా ఆయన సంతకం కూడా ఉండాలి. అది షిఫ్ట్ చివర్లో అన్ని గడులకూ ఒక్కసారే గీకేయడం మా దగ్గర రివాజు.

"సార్, అరగంటకోపారి వచ్చి సంతకం పెట్టుండ్రి. మీరొస్తరంటే నేను రాస్త."

"మందులేమో నీకు, తిరుగుడు నాకా?" అని గొణిగాడు. కానీ వచ్చాడు, రోజూ వచ్చాడు. నేను అలారం మోగే చేతిగడియారం కొన్నాను. గడులు వేళకు నిండసాగాయి.

మూడో నెలలో మళ్లీ పట్టపగలే కరెంటు పోయింది. గడియారం కూసింది. చెయ్యి అలవాటుగా అరవై రెండు వైపే వెళ్లింది. ఆపుకుని, "కరెంటు లేదు, వేడి చూడలేదు" అని రాసి, టైము వేసి సంతకం పెట్టాను. ఇన్‌చార్జి వచ్చి, చదివి, పక్కన సంతకం చేశాడు.

"సార్, ఆ మెమో?" అన్నాను.

"యాడ పెట్టిన్నో యాదికొస్తలేదు" అన్నాడు.

మరుపు సంగతి నాకు బాగా తెలుసు. ఆయనది మరుపు కాదు.