నాలుగో మర దగ్గర గాజుల చప్పుడు

ఈ కుడి చేతి మీద ఒట్టేసి చెబుతున్నా, ఇది జరిగింది. ఈ చెయ్యి మీదే ఎందుకంటే... వినండి, మీకే తెలుస్తుంది.

పామిడిలో మూతపడిన పత్తి జిన్నింగు మిల్లును షావుకారు మనవళ్ళు బడిపిల్లలకు చూపించడానికి బాగు చేయిస్తున్నారు. మోటారు పని నాది. మా నాయన ఒకప్పుడు అక్కడే మేస్త్రి. మరల సంగతి ఆయనకే తెలుసని వెంట తీసుకెళ్ళాను.

ఆ మిల్లులో ఒక పద్ధతి ఉండేది. దూది ఎగిరి ఎదుటి మనిషి కనపడదు. అందుకని మరలు తిప్పే ముందు నాయన "చేతులు" అని కేకేస్తే, ఆడవాళ్ళంతా చేతులెత్తి గాజులు గలగలలాడించాలి. ఆ చప్పుడు విని స్విచ్చి వేసేవాడు. ఒకరోజు అలాగే విని వేశాడు. నాలుగో మర దగ్గర ఓబులమ్మ చెయ్యి ఇంకా లోపలే ఉంది. మొగుడు పోయి నెల కాలేదామెకు. గాజులు లేని చెయ్యి బయట ఉందో లోపల ఉందో చప్పుడులో ఎలా తెలుస్తుంది? పాపం, చెయ్యి పోయింది. ఏడాదికి మనిషీ పోయింది. నాయన మళ్ళీ ఆ స్విచ్చి ముట్టలేదు.

నేనూ నాయనా వెళ్ళిన రోజు రాత్రి ఎనిమిదింటికి కరెంటు పోయింది. మోటారు పరీక్షకని స్టార్టరు లేకుండా వైరు నేరుగా కలిపి ఉంచాను, కరెంటు వస్తే మర దానంతటదే తిరుగుతుంది. స్విచ్చి ఆపడం మరిచాను... నా పనిలో అంతకన్నా బుద్ధితక్కువ పని లేదు. సెల్లు వెలుగులో నాలుగో మరలో పాత దూది ఇరుక్కుని కనపడింది. చెయ్యి పెట్టాను. మోచేతి దాకా. నాయన గుమ్మం దగ్గర బీడీ వెతుక్కుంటున్నాడు.

గల్...

ఆగాను. గాలేమో అనుకున్నాను. గాలి లేదు.

గల్... గల్...

చెవి పక్కనే. గాజుకు గాజు తగిలినట్టు. చెయ్యి లాక్కుని వెనక్కి తిరిగాను. ఎవరూ లేరు.

అప్పుడే కరెంటు వచ్చింది. మర గిర్రున తిరిగింది.

ఎలా వెళ్ళానో, స్విచ్చి కట్టేసి నేల మీద కూలబడ్డాను. నాయన వచ్చాడు.

"నీగ్గూడా ఇనపడెనా?"

"ఎలకలేమో నాయనా."

"ఎలకలు గాజులేసుకుంటాయేమిరా?"

నవ్వలేదు ఆయన. మెల్లగా వెళ్ళి నాలుగో మర మీద చెయ్యి వేశాడు.

"ఓబులమ్మా... ఈతూరి ఇనపడిందిలే తల్లీ," అన్నాడు.

అక్కడే నిలబడి ఏడ్చాడు. నాకూ ఏడుపొచ్చింది.

అది ఆమేనా, పైకప్పు రేకు చప్పుడా, నాకిప్పటికీ తెలియదు. తన చెయ్యి పోగొట్టినవాడి కొడుకు చెయ్యి ఎవరైనా కాపాడతారా? ఏమో... ఇదిగో, చెయ్యి మాత్రం ఉంది.