నలుగురూ కలిసి మాన్పించిన తాగుడు

ఆ రోజు పొద్దున్న రాగి తీగ మోటారు సందులోకి దూరలేదు. పాతికేళ్లుగా చేస్తున్న పని అది. అద్దంకిలో నాది మోటారు వైండింగ్ షాపు. బోర్లలో కాలిపోయిన మోటార్లు విప్పి, మాడిన తీగ పీకేసి, కొత్త తీగ చుట్టి ఇస్తాను. కళ్లు మూసుకున్నా నా చెయ్యి దారి తప్పదనుకునేవాణ్ణి. అలాంటిది ఆ పొద్దున్న తీగ చివర ఒకచోట నిలబడలేదు. రెండు చేతులూ వణుకుతున్నాయి.

ఎదురుగా స్టూలు మీద కోటేశ్వరరావు బాబాయి కూర్చుని ఉన్నాడు. మాకు చుట్టం కాదు, వరసకు అలా పిలుస్తాను. పక్క ఊళ్లో మిరప వేస్తాడు. తోట పూత మీద ఉండగా మోటారు కాలిపోయింది. పనయ్యేదాకా కదలనని కూర్చున్నాడు.

"ఏరా శీనూ, చలేస్తుందా?" అన్నాడు.

"లేదు బాబాయ్. ఇంకా టిఫిన్ చెయ్యలా."

లేచి షాపు వెనక్కి వెళ్లాను. పాత మోటార్ల వెనక దాచిన సీసాలోంచి రెండు గుక్కలు మింగాను. పది నిమిషాలకు చేతులు కుదురుకున్నాయి, తీగ దూరింది. అప్పుడు భయం వేసింది. చేతులు వణికినందుకు కాదు, తాగగానే వణుకు ఆగినందుకు.

తాగుడు నాకు పనితోపాటే అంటుకుంది. తోటకి నీళ్లందని రైతు తన మోటారు ముందు చెయ్యాలని ఒక క్వార్టర్ సీసా తెచ్చి బల్ల మీద పెడతాడు. మా దగ్గర అదొక మర్యాద, ఎవరూ తప్పనుకోరు. మొదట్లో సాయంత్రం పనయ్యాక తాగేవాణ్ణి. తర్వాత మధ్యాహ్నం. ఆఖరికి పళ్లు తోముకోకముందే. అన్నం సగానికి సగం తగ్గిపోయింది. మా ఆవిడ పద్మ కోల్డ్ స్టోరేజీలో మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్తుంది. ఏడ్చింది, తిట్టింది, పుట్టింటికి వెళ్లి తిరిగొచ్చింది, చివరికి నాతో మాట్లాడటమే మానేసింది. తగ్గిస్తానని ఎన్నిసార్లు ఒట్టేశానో నాకే గుర్తు లేదు. ఒక వారం తగ్గేది, ఆ పై వారం పాతదాని మీద ఇంకొంచెం పెరిగేది.

ఆ రోజు నేను చుట్టిన మోటారు బోరులోకి దించిన రెండో రోజే మళ్లీ కాలిపోయింది. కనెక్షన్ తప్పు ఇచ్చాను. పైకి లాగి, మళ్లీ చుట్టి, దించేసరికి ఐదు రోజులు పట్టింది. ఈలోగా ఎకరన్నర తోటలో పూతంతా రాలిపోయింది. బాబాయి అరుస్తాడనుకున్నాను. అరిచి ఉంటే బాగుండేది.

"పొద్దున్నే తాగొచ్చి కూర్చున్నావు. నాకు వాసన తెలుస్తానే ఉంది. తెలిసి కూడా నీ చేతికిచ్చాను చూడు, అది నా తప్పురా" అనేసి వెళ్లిపోయాడు.

ఆ మాట భరించలేకపోయాను. ఉన్న సీసా తీసుకెళ్లి కాలవలో పారబోశాను. ఎవరికీ చెప్పలేదు. మగాణ్ణి, ఆ మాత్రం మానలేనా అనుకున్నాను. మొదటి రోజంతా చెమటలు, వాంతులు, గుండె దడ. రెండో రోజు పొద్దున్న షాపు షట్టర్ ఎత్తడం గుర్తుంది. ఆ తర్వాతది గుర్తు లేదు.

అది మస్తాన్ చెప్పగా తెలిసింది. మా పక్కనే వెల్డింగ్ షాపు వాడిది. చిన్నప్పుడు ఇద్దరం ఒకే బెంచీ. నేను నిలువునా పడిపోయి కాళ్లూ చేతులూ కొట్టుకుంటున్నానట. చేతిలో తాళాలు పెట్టండని ఒకరు, నోట్లో నీళ్లు పొయ్యమని ఇంకొకరు అరుస్తున్నారట. మస్తాన్ అందర్నీ వెనక్కి నెట్టి, చుట్టూ ఉన్న ఇనుప సామాను దూరంగా లాగేసి, నన్ను ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేశాడు. ఆ తెలివి ఎక్కణ్ణుంచి వచ్చిందిరా అని తర్వాత అడిగితే, "తెలివేంటి, నా బొంద. భయంతో నాకే చేతులాడలా" అన్నాడు.

ఒంగోలు పెద్దాసుపత్రిలో నాకు తెలివి వచ్చింది. సీటీ స్కాన్‌లో తలకి ఏమీ లేదన్నారు. తర్వాత సైకియాట్రీ విభాగం నుంచి ఒక డాక్టరమ్మ వచ్చింది. చిన్న వయసే.

"రోజూ ఎంత తాగుతారండీ?"

"ఒక క్వార్టరండీ. ఎప్పుడన్నా రెండు."

పద్మ మంచం పక్కనే నిలబడి ఉంది. ఎన్నో నెలల తర్వాత నా విషయంలో నోరు విప్పింది. "అబద్ధం చెప్తున్నాడమ్మా. మూడు. లేవగానే మొదలు."

డాక్టరమ్మ నా మొహం చూడకుండా రాసుకుంది. అందుకు ఇప్పటికీ ఆమెకు దణ్ణం పెట్టుకుంటాను.

"ఎప్పుడు మానేశారు?"

"మొన్నండీ."

"ఒక్కసారిగానా? ఈ ఫిట్స్ అందుకే వచ్చాయండీ. విత్‌డ్రాయల్ సీజర్స్ అంటాం. ఏళ్ల తరబడి రోజూ తాగిన ఒళ్లు, ఉన్నట్టుండి ఆపేస్తే తట్టుకోలేదు. కొంతమందికి ప్రాణం మీదికి వస్తుంది. మానాలనుకున్నారు, అది చాలా మంచి పని. కానీ మా చేతుల మీదుగా మానాలి."

తాగితే చస్తావని అందరూ చెప్పారు. ఇలా ఒంటరిగా ఆపేసినా చావొచ్చని అంతవరకూ ఎవరూ చెప్పగా వినలేదు.

మర్నాడు మధ్యాహ్నం నుంచి రెండు రోజులు నేను నాలో లేను. డెలీరియం అన్నారు. మంచం మీద కూర్చుని, లేని తీగని గాల్లో చుడుతూనే ఉన్నానట. చుట్లు పైకే లెక్కపెడుతున్నానట. లెక్క తప్పితే కోపం తెచ్చుకుని, చేతికున్న సెలైన్ సూది పీకెయ్యబోతున్నానట. చేతులు కట్టెయ్యాలన్నారట. పద్మ ఒక్క నిమిషం ఆగమని, నా ఎదురుగా కూర్చుని, "నలభై రెండైంది. ఊ, నలభై మూడు చుట్టు" అంటూ నాతోపాటు లెక్కపెట్టిందట. ఆమె లెక్క అందిస్తున్నంతసేపూ సూది జోలికి పోలేదట. ఇంజెక్షన్ పనిచేసి నేను నిద్రపోయేదాకా అలాగే కూర్చుందట. ఈ సంగతి పద్మ నాకు చెప్పలేదు. పక్క మంచం పెద్దావిడ చెప్పింది. విని అటు తిరిగి పడుకున్నాను. ఏడుస్తుంటే ఎవరూ చూడకూడదని.

థయమిన్ అనే విటమిన్ ఇంజెక్షన్లు ఇచ్చారు. వణుకుకి టాబ్లెట్లు మొదలుపెట్టి రోజుకింత తగ్గించుకుంటూ వచ్చారు. లివర్ పనితీరు చూసే ఎల్ఎఫ్‌టీ పరీక్షలో అన్నీ పెరిగే ఉన్నాయి. అల్ట్రాసౌండ్‌లో ఫ్యాటీ లివర్ అని వచ్చింది. "లివర్ గట్టిపడిపోయే సిర్రోసిస్ దాకా పోలేదు. తాగకపోతే లివర్ కోలుకుంటుంది" అంది డాక్టరమ్మ.

సిగ్గు విడిచి అడిగాను. "బాగా తగ్గించేసి, పండక్కో పబ్బానికో కొంచెం తీసుకోవచ్చా అండీ?"

"తగ్గించుకుంటే సరిపోయేవాళ్లు ఉంటారు. మీరు ఆ దశ దాటేశారు. ఫిట్స్ వచ్చాయి, లివర్ దెబ్బతింది. మీకు ఒక్క చుక్క కూడా వద్దు."

తొమ్మిదో రోజు, తాగాలన్న కోరిక తగ్గడానికి రోజూ వేసుకోమని ఒక టాబ్లెట్ రాసిచ్చి ఇంటికి పంపారు. దార్లో బస్సులో పద్మకి థ్యాంక్స్ చెప్పబోయాను. "ఆ మాటలేం వద్దయ్యా. రోజూ పొద్దున్నే నా కళ్ల ముందు టాబ్లెట్ వేసుకో, చాలు" అని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

రెండు నెలలు బాగానే గడిచాయి. ఆకలి వచ్చింది. చేతులు మాత్రం ఇంకా పూర్తిగా మాట వినేవి కావు. మోటార్లు విప్పడం, బేరింగులు మార్చడం చేసేవాణ్ణి, తీగ పని వేరేవాళ్లకి పంపేవాణ్ణి. నేను మానేసినట్టు ఊళ్లో ఎవరికీ చెప్పలేదు. పిచ్చి డాక్టరు దగ్గర చూపించుకున్నాడంటారని భయం. చెప్పకపోవడం వల్లే, ఒక రైతు ఎప్పటిలాగే మోటారుతోపాటు సీసా తెచ్చి బల్ల మీద పెట్టి వెళ్లాడు. ఆయన తప్పేం లేదు. గంటసేపు దాన్ని చూస్తూ కూర్చున్నాను. తర్వాత తాగాను. నాలుగు రోజులు తాగాను.

ఐదో రోజు మస్తాన్ షాపులోకి వచ్చి సీసా చూశాడు. "పద్మక్కకి నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?" అన్నాడు. నేనే చెప్పాను. ఆమె కోల్డ్ స్టోరేజీకి ఫోన్ చేసి, రేపు పనికి రానని చెప్పింది. మర్నాడు ముగ్గురం ఒంగోలు వెళ్లాం.

డాక్టరమ్మ ముందు తలెత్తలేకపోయాను. "మీ కష్టమంతా బూడిదపాలు చేశానండీ" అన్నాను.

"షుగర్ పేషెంటుకి షుగర్ మళ్లీ పెరిగితే ఇంటికి పొమ్మంటామా? దీన్ని రిలాప్స్ అంటారు. చాలామందికి వస్తుంది. నాలుగు రోజులకే వచ్చారు, నయం. ఇప్పుడు చెప్పండి, సీసా మీ దాకా ఎలా వచ్చింది? ఏ టైములో ఎక్కువ లాగుతుంది? ఆ టైములో పక్కన ఎవరుంటారు?"

అన్నీ చెప్పాను. సాయంత్రం ఆరు గంటలంటే నాకు గండం అన్నాను. రైతుల సంగతీ చెప్పాను.

"మానేశానని వాళ్లకి తెలియకపోతే తెస్తూనే ఉంటారు కదండీ. దాచుకుంటే మీరొక్కరే మొయ్యాలి. ముందు ఒక్కరికి చెప్పండి."

ఆ ఒక్కరు ఎవరన్నది నాకు వెంటనే తెలిసింది. కాళ్లు ఈడ్చుకుంటూ కోటేశ్వరరావు బాబాయి ఇంటికి వెళ్లాను. అరుగు మీద నిలబడే అంతా చెప్పేశాను, ఫిట్స్, ఆసుపత్రి, మళ్లీ తాగడం. ఆయన లోపలికి కేకేసి, "శీనుకి అన్నం పెట్టండి" అన్నాడు.

మర్నాడు పొద్దున్న పాలకేంద్రం దగ్గర రైతులంతా క్యాన్లతో నిలబడి ఉంటే ఆయన గొంతెత్తాడట. "ఒరేయ్, అందరూ ఇనండి. శీను మందు మానాడు. ఇక మీద వాడి బల్ల మీద సీసా పెట్టినోడి మోటారు నేనే తీసుకుపోయి గుండ్లకమ్మ ఏట్లో పడేస్తా."

"మరి పని తొందరగా కావాలంటే ఏం పట్టుకెళ్లాలి?" అని ఎవరో అడిగారట.

"మజ్జిగ పట్టుకెళ్లు. లేకపోతే మంచిగా నోరు తెరిచి అడుగు, నోరుందిగా!"

నిజంగానే మజ్జిగ వచ్చింది. సొరకాయలు, ములక్కాడలు, జొన్న కంకులు వచ్చాయి. ఎగతాళి చేసినవాళ్లూ ఉన్నారు, అబద్ధం చెప్పను. కానీ సీసా మాత్రం మళ్లీ నా బల్ల ఎక్కలేదు.

ఆరు గంటల గండం మస్తాన్ చూసుకున్నాడు. రోజూ ఆ వేళకి వాడు మగ్రిబ్ నమాజుకి వెళ్తాడు. "నేనొచ్చేదాకా నా షాపు చూస్తా ఉండరా, సామానంతా బయటే ఉంది" అని నన్ను కూర్చోబెట్టి వెళ్లేవాడు. తిరిగొచ్చాక ఇద్దరం బండి దగ్గర బజ్జీలు తిని, ఇంటిదాకా నడిచేవాళ్లం. కొన్ని నెలలు పోయాక గానీ నాకు వెలగలేదు. వాడు ఇరవై ఏళ్లుగా షాపు అలా తెరిచి వదిలేసే నమాజుకి వెళ్లేవాడు. కాపలా కావాల్సింది సామానుకి కాదు, నాకు. ఆ మాటే వాడితో అంటే, "కనిపెట్టావులే, ఇంజినీరు" అని నవ్వేశాడు.

మిరప మళ్లీ పూతకొచ్చే కాలానికి బాబాయి తన మోటారు తెచ్చి దించాడు. "వేరేవాళ్లకి ఇవ్వు బాబాయ్, నాకింకా ధైర్యం లేదు" అన్నాను. "నాకుంది, చుట్టు" అని స్టూలు లాక్కున్నాడు. రోజంతా పట్టింది. ఆ మోటారు ఆ పంటకాలమంతా ఆగకుండా తిరిగింది.

చుక్క ముట్టక ఇప్పటికి ఇరవై నెలలైంది. మొన్నటి ఎల్ఎఫ్‌టీ నార్మల్ వచ్చింది. మూడు నెలలకోసారి డాక్టరమ్మకి కనిపించి వస్తున్నాను. తాగాలనిపించే రోజులు లేవని చెప్పను, ఉన్నాయి. పెళ్లిళ్లలో భోజనం చేసి వెంటనే వచ్చేస్తాను. మా అమ్మాయి లావణ్య ఇంటర్ చదువుతోంది. ఇన్నేళ్లూ స్నేహితురాళ్లను ఇంటికి ఎందుకు తేలేదో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. పోయిన ఆదివారం నలుగుర్ని వెంటబెట్టుకొచ్చి, "నాన్నా, వీళ్లకి మోటారు ఎలా తిరుగుతుందో విప్పి చూపించవా?" అంది. గంటసేపు చూపించాను. పద్మ అందరికీ ఉప్మా చేసింది.

చదివేవాళ్లలో రోజూ తాగేవాళ్లు ఉంటే, మానాలన్న ఆలోచన వస్తే, నాలాగా ఒంటరిగా, ఒక్కసారిగా ఆపెయ్యకండి. డాక్టరు దగ్గరికి వెళ్లి ఆపండి. వెళ్లేటప్పుడు మిమ్మల్ని తిట్టే హక్కున్న మనిషిని ఒకరిని వెంట తీసుకెళ్లండి.