చదువుకు పోసిన ఒడిబియ్యం

ఆడపిల్ల ఇల్లు విడిచి వెళ్ళేటప్పుడు పసుపు బియ్యంతో ఒడి నింపి పంపడం మన ఆచారమని అందరూ అంటారు. మరి ఆమె అత్తవారింటికి కాక చదువుకు వెళుతున్నప్పుడు ఆ ఒడి ఎందుకు ఖాళీగా ఉండాలి? ఈ ఉదయం పక్కింటివారు పెద్దమ్మాయిని మెట్టినింటికి సాగనంపుతుంటే, నూనె పసుపు కలిపిన బియ్యం వాసన, ఎండుకొబ్బరి వాసనతో కలిసి, గోడ దాటి మా వసారాలోకి వచ్చింది. అదే ఇంటి చిన్నమ్మాయి మొన్నటి జూన్‌లో రేకుపెట్టె పట్టుకొని హాస్టలుకు వెళ్ళింది. ఆనాడు ఆ గోడ మీదుగా ఏ వాసనా రాలేదు. ఈ తేడా నన్ను చాలాసేపు కుదురుగా కూర్చోనివ్వలేదు. ఎందుకంటే నేను హాస్టలుకు వెళ్ళిన రోజు నా వోణీకి ఆ పసుపు అంటి ఉండింది. అంటించినది మా మేనత్త నరసమ్మ.

అవి కర్నూలు రాజధాని అయిన కొత్త రోజులు. నేను పత్తికొండలో హైస్కూలు చదువు ముగించాను. కర్నూలు కాలేజీలో చోటు, ఆడపిల్లల హాస్టల్లో మంచం దొరికాయి. నాన్నకు పంపాలనే ఉంది. కాని అన్నగారి మాట దాటడం ఆయన ఎరుగడు. ఇంటికి పెద్ద మా పెదనాయన. ఆయన అవుననలేదు, కాదనలేదు. మా ఇంట్లో ఆయన మౌనానికి కాదనే అర్థం. సోమవారం పొద్దున బస్సు. శనివారం వేకువన, కడప దిక్కున ఒంటిమిట్ట దగ్గరి అత్తవారి ఊరినుంచి మేనత్త ఒక గంప నెత్తిన పెట్టుకొని దిగింది. కాళ్ళు కడుక్కుని నేరుగా వంటింట్లోకి వెళ్ళి, అమ్మను పక్కకు జరిపి పొయ్యి ముందు కూర్చుంది. ఆ తర్వాత రెండు రోజులు మా ఇంట్లో పొయ్యి ఆరలేదు.

పొద్దున ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు. మధ్యాహ్నం జొన్నరొట్టె, పుంటికూర పప్పు, గురెళ్ళ కారం. సాయంత్రం గుంతపొంగణాలు, వాటిలోకి వేరుశనగ ఊరిమిండి అనే పచ్చడి. అత్త వేరుశనగను కడప వాళ్ళలాగా చెనిక్కాయలనేది. పెదనాయనకు ఆ మాట గిట్టదు.

"బుడ్డల్ని బుడ్డలనక ఆ పేరేందిమే? కడప నీళ్ళు తాగి మన మాటే మర్సిపోయినావు."

"మాట మర్సిపోయినా నీకు రుసి తగ్గల్యా గదన్నా. ఇంగో నాలుగు పొంగణాలు ఏసుకో."

ఆ శనివారం మధ్యాహ్నమే, పెదనాయన రొట్టె తుంచకముందే, నేను నా వాదం వినిపించాను. బడి వక్తృత్వపు పోటీలలో నాకు పేరుండేది. దేశానికి స్వాతంత్ర్యం వచ్చినప్పుడు అందులో సగమైన స్త్రీకి కూడా వచ్చినట్టా కాదా అని మొదలుపెట్టి, ప్రతిపక్షం వేయగల ప్రశ్నలన్నీ నేనే వేసి, నేనే జవాబిచ్చి, నిలబడి ముగించాను. పెదనాయన మధ్యలో ఒక్కసారైనా అడ్డు రాలేదు. చివరకు తల ఊపి అన్నాడు:

"శానా బాగా మాట్లాడినావు పాపా. ఇంగ కూసోని తిను, రొట్టె సల్లారిపోతాది."

ఎదుటివాడు ఖండిస్తే ఓడినా గౌరవం మిగులుతుంది. నా వాదాన్ని ఖండించనైనా లేదు. కళ్ళనీళ్ళతో వంటింట్లోకి వెళ్ళి, నా మాటల్లో తప్పేమిటని అత్తను అడిగాను. ఆమె పొయ్యిలోకి కంది కట్టె తోస్తూ నవ్వింది.

"తప్పేం ల్యా. నోరు ఖాళీగా ఉన్నెప్పుడు సెప్పినావు, అంతే. ఖాళీ నోరు ఊరికే ఉంటాదా? ఏదో ఒకటి అంటాది. మా అన్నను నీకంటే నేనెక్కువ ఎరుగుదును. రేపు ఓళిగలు సేస్తాండా. సూడు."

కోస్తావాళ్ళు బొబ్బట్టనే పూర్ణం ఓళిగ అంటే పెదనాయనకు ప్రాణం. పండుగ లేకుండా ఓళిగలు చేయడం మా ఇంట్లో అదే మొదలు. ఆదివారం మధ్యాహ్నం ఆయన మొదటిది తిన్నాడు. రెండోదాని మీద అత్త నెయ్యి వంచింది. ఆయన పెద్ద తునక నోట పెట్టుకున్నాక, విసనకర్ర ఊపుతూ తీరిగ్గా అడిగింది.

"అన్నా, నన్ను అత్తగారింటికి పంపినప్పుడు నాకెన్నేండ్లు?"

ఆయన నములుతూనే పదమూడని వేళ్ళతో చూపించాడు.

"ఆడ ఎవురెవురు ఉండారో నాకు తెలుసునా?"

తల అడ్డంగా ఊపాడు.

"ఎవురి సేతి వంట తింటానో, ఎవురి పక్కన పండుకుంటానో నువ్వు కనుక్కున్యావా?"

పెదనాయన మింగడం ఆగింది. ఇంట్లో పెదవి విప్పకపోయినా, హాస్టలు గురించి ఆయన ఊరంతటి ముందు అంటూ వచ్చిన మాటలవే: రాజధాని అయినాక కర్నూలు నిండా గుడారాలు, కొత్త మొహాలు, పిల్ల ఎవరి చేతి వంట తింటుందో, ఎవరి పక్కన పడుకుంటుందో.

"ఏమీ తెలీని సోటికి ఒడినిండా బియ్యం పోసి పంపితిరి. నేను ఏడుస్తాండా, మీరు పోస్తాండారు. ఈ పిల్లకు యాడికి పోతాండాదో తెలుసు, ఎందుకు పోతాండాదో తెలుసు. ఏడ్సడం గూడా ల్యా. దీన్ని పంపేదానికి నీకు బయమేందన్నా?"

ఆ మాట మీద ఆమె లోపలికి వెళ్ళి ఒక తాంబాళం తెచ్చి ఆయన ముందు పెట్టింది. జొన్నలు, కొర్రలు తినే మా ఇంట్లో బియ్యం పండుగకే కనబడేది. ఇవి అత్త తన గంపలో తెచ్చినవి. తెల్లవారుజామునే పసుపు కలిపి, ఎండుకొబ్బరి చిప్పలు, వక్కలు, తమలపాకులు పెట్టి సిద్ధం చేసింది. నాకు ఒళ్ళు మండింది.

"నేను పెండ్లికూతుర్ని కాను అత్తా."

"ఎవురన్న్యారు? నోరు మూసుకోని ఒడి పట్టు."

పెదనాయన నోట్లోని ఓళిగ మింగాడు. "పెండ్లి కాని పిల్లకు ఒడిబియ్యమేందిమే? ఊరోళ్ళు నవ్వరా?"

"నవ్వేటోళ్ళకు తలా రెండు ఓళిగలు పంపిద్దాం. ఇంటికి పెద్దోడివి, మొదటి దోసిలి నీది."

మా ఇళ్ళలో ఒక నియమం ఉంది. నింపిన ఒడిని మూట కట్టాక పుట్టింట్లో విప్పకూడదు. గడప దాటి, వెళ్ళిన చోటనే విప్పాలి. ఆ తాంబాళంలోంచి ఒక్క దోసిలి నా ఒడిలో పడితే ఇక నన్ను ఆపడం అశుభం. అది ఆ గదిలో అందరికీ తెలుసు. నాన్న నేల చూస్తున్నాడు. అమ్మ తలుపు రెక్క పట్టుకొని నిలబడింది. పెదనాయన లేచి చేయి కడుక్కుని వచ్చాడు. చెల్లెలి ముఖంకేసి చూశాడు. ఆ చూపు నా గురించి కాదని నాకు ఇప్పుడు తెలుసు. తర్వాత వంగి, రెండు చేతులా బియ్యం తీసి, ఒక్క గింజ కింద పడకుండా నా ఒడిలో పోశాడు. అమ్మ తలుపు రెక్క వదిలి రెండో దోసిలికి ముందుకొచ్చింది.

ఆ సాయంత్రం అత్తతో నేను తగువుపడ్డాను. నమ్మని ఆచారాన్ని వాదానికి వాడుకోవడం న్యాయమేనా అని నిలదీశాను. ఆమె మిగిలిన ఓళిగలను ఆకుల్లో చుడుతూ ఉంది.

"నేను నమ్మకుంటే గదా? ఇల్లిడిసి పోయే పిల్లకు పుట్టిల్లుండాదని సెప్పేదే ఒడిబియ్యం. మొగుడింటికే అని యాడ రాసి ఉండాది?"

నేను పక్కన కూర్చుని ఆకులు అందించాను. తర్వాత కాలేజీ వేదికల మీద ఎన్నో వాదాలు గెలిచాను గాని, ఆ వాదం మాత్రం అత్తదే.

సోమవారం బస్సు కదలబోతుండగా పెదనాయన పరుగులాంటి నడకతో రావడం కిటికీలోంచి కనబడింది. మనసు మార్చుకున్నాడనుకున్నాను. ఆయన రొప్పుతూ, గుడ్డ కట్టిన జాడీ ఒకటి కిటికీలోంచి నా చేతికిచ్చాడు.

"ఊరగాయ మర్సిపోతే ఎట్లమే? హాస్టల్లో పప్పు నీళ్ళగా ఉంటాదంట."

ఎవరిని అడిగి తెలుసుకున్నాడో! కనుక్కున్నాడు, అది చాలు. బస్సు ఊరి పొలిమేర దాటేదాకా నేను నవ్వుతూనే ఉన్నాను.

పప్పు నీళ్ళగానే ఉండేది. ఒడిబియ్యాన్ని అయినవాళ్ళకు వండి పెట్టాలంటారు కనుక, ఆ ఆదివారం వార్డెనమ్మను బతిమాలి, మా గది పిల్లలందరికీ వండించాను. కడప నుంచి వచ్చిన ఖాజాబీ పసుపు అన్నాన్ని వింతగా చూసి, సంగతి విని, తన జబ్బకు కట్టిన పట్టీ చూపించింది. "ఇమాం జామిన్. ప్రయాణం పోయేటోళ్ళకు మా అమ్మ కడ్తాది. నీకు ఒడిలో పోసినారు, నాకు సేతికి కట్టినారు, అంతే గదా" అని పక్కన కూర్చుని రెండోసారి వడ్డించుకుంది. ఎవరి చేతి వంట తింటానో, ఎవరి పక్కన పడుకుంటానో అని పెదనాయన పడిన దిగులుకు అంతకన్న మంచి జవాబు నేను చెప్పలేను.

మేనత్తకు సంతకం తప్ప రాయడం రాదు. కాని ప్రశ్నను ఎప్పుడు అడగాలో, అడిగాక ఎంతసేపు ఊరకుండాలో నాకు నేర్పినది ఆమె. ఇప్పటికీ వేదిక ఎక్కితే మొదట ఎదుటివారి నోటివైపు చూస్తాను. ఆనాటి బియ్యంలో ఒక గుప్పెడు నా పెట్టెలో ముడికట్టి ఉంది. పసుపు వెలిసింది, వాసన పోలేదు.

మీ ఇంట్లోనో, మీ వీధిలోనో ఈ జూన్‌లో ఒక అమ్మాయి చదువుకు ఊరు విడిచి వెళ్ళబోతూ ఉంటుంది. బియ్యంలో పసుపు కలపండి. ఆమెను పిలిచి ఒడి పట్టమనండి. అన్నిటికన్నా ముఖ్యం, అందరికన్నా ఎక్కువ కాదంటున్న పెద్దమనిషి చేత మొదటి దోసిలి పోయించండి. ఆయన ఒప్పుకోకపోతే, ముందు రెండు ఓళిగలు పెట్టండి.