ఎవరిదో తెలియని కోటు

మా మందిరంలో చలికాలం సాయానికి వచ్చే బట్టల మూటలు విప్పే హక్కు కత్తెరత్త ఒక్కదానికే ఉంది. ఆ హక్కు ఆమెకు ఎవరూ ఇవ్వలేదు. తనకంటే ముందు ఎవరైనా మూట ముడి మీద చెయ్యి వేస్తే ఆమె ఒక చూపు చూస్తుంది. ఆ చూపుకే మందిరం పెద్దతో సహా అందరం పక్కకు తప్పుకుంటాం. నేను వరసకు ఆమెకు కోడలిని. వెనక గదిలో ఇస్త్రీ నా పని. పదకొండు చలికాలాలుగా ఆమె కుడుతుంటే నేను ఇస్త్రీ చేస్తూ, మధ్యమధ్య తిట్లు తింటూ బతుకుతున్నాను.

ఆమె అసలు ఉద్యోగం పెద్ద బజారులోని రెడీమేడ్ బట్టల దుకాణంలో. మెట్ల కింద మిషను వేసుకుని ప్యాంట్ల పొడవు తగ్గిస్తుంది, నడుములు వదులు చేస్తుంది. "కొనేటప్పుడు అందరూ సన్నవాళ్ళేనే. నా దగ్గరకొచ్చాకే నిజం ఒప్పుకుంటారు" అంటుంది. చలి మొదలైన వారం నుంచి విరిగేదాకా మధ్యాహ్నం మూడింటికే అక్కడ లేచి మందిరానికి వచ్చేస్తుంది. దుకాణం యజమాని ఒకసారి జీతం కోస్తానన్నాడట. "కొయ్యండి, నాకూ కొయ్యడం వచ్చు" అని వచ్చేసింది. ఇప్పటిదాకా ఆయన కొయ్యలేదు.

వచ్చిన బట్టలు ఉతికి, ఇస్త్రీ చేసి ఇచ్చేస్తే సరిపోతుందని మీరూ నేనూ అనుకుంటాం. కత్తెరత్త లెక్క వేరు. ఇచ్చేవాళ్ళూ మా నాలుగు వీధులవాళ్ళే, తీసుకునేవాళ్ళూ మా నాలుగు వీధులవాళ్ళే. కాబట్టి ఇచ్చినవాళ్ళు రేపు వీధిలో ఎదురుపడినా తమ కోటును తాము గుర్తుపట్టకూడదు. ఇది ఆమె నియమం. అందుకని కాలరు తీసి వేరే కాలరు వేస్తుంది. గుండీలు మారుస్తుంది. జేబులు మూసి కొత్తచోట తెరుస్తుంది. అవసరమైతే పెరట్లో పెద్ద బిందె పొయ్యి మీద పెట్టి రంగే మార్చేస్తుంది. ఎవరికి ఇవ్వాలో వాళ్ళను టేపు పెట్టి కొలవదు. వాళ్ళు మందిరంలో కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకునేటప్పుడు ఈమె కళ్ళు తెరిచి భుజాలు కొలుస్తుంది. ఒకసారి బడి టీచరమ్మ తన పాత కోటునే ఇంకొకరి ఒంటి మీద చూసి, "ఎంత బాగుందో, ఎక్కడ కొన్నారు?" అని అడిగింది. కత్తెరత్త ఆ మాటను నెల రోజులు నెమరేసుకుంది.

భక్తి లేక కాదు. అందరూ పాట పాడుతుంటే ఈమె పెదవులు బిగించుకుని కూర్చుంటుందని మందిరం పెద్ద ఒకసారి నొచ్చుకున్నాడు. "నోటి నిండా గుండుసూదులున్నాయండీ, ఆ సంగతి దేవుడికి తెలుసు" అంది, అవి తీసి చేతిలో పెట్టుకుని. ఇంకో మాట కూడా అంటుంది. "ఇచ్చేది దేవుడు చూస్తే చాలు. వీధి చూడక్కర్లేదు."

ఈ పట్టుదల ఎక్కడిదో నాకు ఒక్కసారే చెప్పింది, అదీ జ్వరంలో. ఆమెకు తొమ్మిదేళ్ళప్పుడు ఇలాంటి మందిరంలోనే ఒక పచ్చ స్వెట్టరు ఇచ్చారు. వేసుకుని బడికి వెళ్ళింది. తరగతిలో ఒక పిల్ల లేచి, "అది నాది. మోచేతి దగ్గర సిరామరక నేనే పోశాను, చూడండి" అంది. అందరూ లేచి వచ్చి చూశారు. బడి మానేదాకా ఆమె పేరు మరక అయిపోయింది. ఆ చలికాలమంతా స్వెట్టరును పెట్టెలోనే ఉంచి వణుకుతూ బడికి పోయిందట. నేను ఆ కథ విని ఏడ్చాను. "నువ్వెందుకే ఏడుస్తావు, స్వెట్టరు నీది కాదుగా" అని తిట్టింది.

ఇలాంటి మనిషి చేతికి పోయిన ఏడాది బస్సు బాబాయ్ ఇంటి నుంచి ఒక కోటు వచ్చింది.

బస్సు బాబాయ్ ముప్పైనాలుగేళ్ళు బస్సు నడిపి దిగినవాడు. మా మందిరం పక్క వీధిలో మూడంతస్తుల మేడలో రెండో అంతస్తు ఆయనది. భార్య అంతకు ముందు చలికాలం చివర్లో పోయింది. ఆవిడ ఇటుక రంగు ఉన్ని కోటు మోకాళ్ళ కిందికి ఉండేది. వీధి చివర ఆ రంగు కనపడితే ఎవరొస్తున్నారో చెప్పాల్సిన పని లేదు. ఆయన కళ్ళ పరీక్షకు ఆసుపత్రికి వెళ్ళిన రోజు కూతురు ఇల్లు సర్దుతూ, నాన్న దాన్ని చూసి రోజూ దిగులు పడుతున్నాడని మూటలో పెట్టి పంపేసింది. ఆ పిల్లదీ తప్పని అనలేను.

ఆ కోటు అందరికీ తెలిసిందే కాబట్టి కత్తెరత్త దాన్ని మిగతావాటి కన్నా ఎక్కువ మార్చింది. పొడవు సగానికి కోసింది. ఇటుక రంగును కాఫీగింజ రంగు చేసింది. భుజాలు విప్పి మళ్ళీ కట్టింది. మిగిలిన ముక్కతో చిన్నపిల్లకు టోపీ కుట్టింది. రెండూ కాగితంలో చుట్టి మెట్లమ్మాయికి ఇచ్చింది. ఆ అమ్మాయి బస్సు బాబాయ్ ఉండే మేడలోనే మెట్లు తుడుస్తుంది. మొగుడు లేడు, మూడేళ్ళ పాప ఉంది. అంతకు ముందు చలికాలం రెండు చొక్కాలు ఒకదానిమీద ఒకటి వేసుకుని తిరిగింది.

నాలుగు రోజులకు బాబాయ్ మందిరానికి వచ్చాడు. తలమీది టోపీ తీసి చేత్తో పట్టుకుని వెనక గది గుమ్మంలో నిలబడ్డాడు.

"అమ్మా, పొరపాటున మా ఆవిడ కోటు ఇటొచ్చింది. తలుపు వెనక మేకు ఖాళీగా ఉంది. చూడలేకపోతున్నాను. ఎవరికిచ్చారో చెప్తే వాళ్ళకు కొత్తది కొనిస్తాను."

నా చేతిలో ఇస్త్రీపెట్టె ఆగిపోయింది. మెట్లమ్మాయి పేరు చెప్తే, ఆయన మెట్ల దగ్గరే ఆమెను ఆపి ఒంటిమీది కోటు అడుగుతాడు. మేడంతా వింటుంది. చెప్పకపోతే ఆయన ముఖం చూడలేం. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం.

"మొన్న లారీలో పక్క ఊరి మందిరానికి పంపేశాం అన్నయ్యా," అంది కత్తెరత్త. ముఖం ఎత్తలేదు.

"ఏ ఊరు?"

ఊరు చెప్పింది. నా ఎరుకలో ఆమె చెప్పిన మొదటి అబద్ధం అదే. అబద్ధాల్లో అనుభవం లేదు కాబట్టి, ఒక ఊరి పేరు చెప్తే మనిషి అక్కడికి వెళ్తాడన్న ఆలోచన ఆమెకు రాలేదు.

ఆయన వెళ్ళాడు. ముప్పైనాలుగేళ్ళు బస్సు నడిపినవాడికి బస్సెక్కడం ఒక లెక్కా? మూడు బస్సులు మారి, ఆ ఊరి మందిరం ముందు బల్ల మీద కూర్చుని వచ్చేపోయే ఆడవాళ్ళ కోట్లు చూసి వచ్చాడట. దొరకలేదు. ఆ వారం రెండుసార్లు, మరుసటి వారం మూడుసార్లు వెళ్ళాడు. ఒక రోజు వాన కూడా పడింది. దగ్గుతో మంచం ఎక్కాడు. మందు ఇవ్వడానికి వెళ్ళి వచ్చిన మందిరం పెద్ద ఈ సంగతంతా చెప్తుంటే కత్తెరత్త తేలు కుట్టిన దొంగలా కూర్చుంది.

మందిరం పెద్ద అటు వెళ్ళగానే నేను ఊరుకోలేదు. "చెప్పేద్దాం అత్తా. ముసలాయన ఆ బస్సుల్లోనే పోయేలా ఉన్నాడు."

"చెప్తే ఆ పిల్ల పోతుంది."

"కోటు పోతే ఇంకోటి కుడతావు."

"కోటు సంగతి కాదే. ఈ చలికాలమే తల ఎత్తుకుని వీధిలో నడుస్తోంది. అది ఫలానావాళ్ళదని నలుగురికీ తెలిస్తే మళ్ళీ గోడపక్కన నడుస్తుంది. నీకు తెలియదు."

"నాకు తెలియదు సరే. ఆయనకు ఏం చెప్తావు?"

ఆ రోజు ఒక జేబు మూడుసార్లు కుట్టి మూడుసార్లు విప్పింది. వెళ్ళేముందు ప్రార్థన గదిలో చివరి బల్ల మీద చాలాసేపు కూర్చుంది. దేవుడితో ఏం మాట్లాడిందో నేను అడగలేదు. ఆమె ముఖం చూస్తే ఆయన కూడా ఏమీ తేల్చలేదనిపించింది.

చలికాలం సాయం చివరి ఆదివారం మందిరంలో అందరం కలిసి మధ్యాహ్నం భోజనం చేస్తాం. ఇచ్చినవాళ్ళు ఎవరో తీసుకున్నవాళ్ళు ఎవరో తేడా లేకుండా బల్లల దగ్గర ఎక్కడ చోటుంటే అక్కడ కూర్చుంటాం. బాబాయ్ కూడా వచ్చాడు, మెడకు మఫ్లరు చుట్టుకుని, సగానికి తగ్గిపోయి. మెట్లమ్మాయి వడ్డనకు నిలబడింది. సాయం తీసుకున్నవాళ్ళు చాలామంది అలా పనికి నిలబడతారు. హాలు చల్లగా ఉందని కోటు వేసుకునే వడ్డిస్తోంది. గిన్నె పట్టుకుని బల్లల వెంట ఒక్కొక్కరినీ దాటుకుంటూ బాబాయ్ దగ్గరకు వచ్చింది. ఎదురుగా నేనూ కత్తెరత్తా ఉన్నాం.

"కోటు బాగుందమ్మా," అన్నాడు బాబాయ్. ఊరికే, మర్యాదకు అన్నాడు. గుర్తుపట్టలేదు. "మా మెట్ల మీద ఎప్పుడూ చూడలేదే."

"పని చేసేటప్పుడు విప్పి కింద పెట్టుకుంటాను బాబాయ్, బ్లీచింగు నీళ్ళు పడతాయని."

"ఎక్కడ కొన్నావు?"

బల్ల కింద కత్తెరత్త నా చెయ్యి పట్టుకుంది. గోళ్ళు దిగాయి.

"కొనడమా? నాకెక్కడివి బాబాయ్ అన్ని డబ్బులు!" మెట్లమ్మాయి నవ్వింది. హాలంతా వినపడేలా చెప్పింది. "ఇక్కడే ఇచ్చారు. మా కత్తెరత్త కుట్టింది, చూడండి ఎంత బాగా కూర్చుందో. ఎవరిచ్చారో మాత్రం చెప్పదు. రోజూ పడుకునేముందు ఆ ఇచ్చినవాళ్ళ కోసం దేవుణ్ణి అడుగుతాను. ఎవరో తెలియకపోతే ఎవరి కోసమని అడగాలి? ఇదిగో కోటు, దీని మనిషిని చల్లగా చూడు అంటాను."

ఏ సిగ్గూ లేదు ఆ గొంతులో. గిన్నె చంకన పెట్టుకుని, గరిటె చేత్తో పట్టుకుని, ఆయన ఎంత పెట్టించుకుంటాడోనని చూస్తోంది.

కత్తెరత్త లేచి నిలబడింది. "అన్నయ్యా, అది వదినది," అంది.

బాబాయ్ అర్థం కానట్టు చూశాడు. చెయ్యి చాచి కోటు చేతి అంచు పట్టుకున్నాడు.

"ఆమెది ఇటుక రంగు కదమ్మా."

"రంగు నేనే వేశాను."

"పొడుగు కదా."

"నేనే కోశాను."

"లారీ?"

"లారీ లేదన్నయ్యా. అబద్ధం చెప్పాను."

ఆయనకు కోపం వచ్చింది. రాకుండా ఎలా ఉంటుంది? లేవబోయి దగ్గు వచ్చి మళ్ళీ కూర్చున్నాడు. "అయిదుసార్లు వెళ్ళానమ్మా. అక్కడివాళ్ళు నన్ను పిచ్చివాడనుకున్నారు. కోసినందుకు నేనేమీ అనను. నా గుమ్మం ముందు తిరుగుతున్నదాని కోసం నన్ను ఊళ్ళు తిప్పావు."

కత్తెరత్త తల వంచుకుంది. ఇన్నేళ్ళలో ఆమె మాటకు మాట అప్పజెప్పకుండా నిలబడటం నేను చూడలేదు. చివరికి మెట్లమ్మాయి వైపు తిరిగి, "నీకు నామోషీగా ఉంటుందని..." అని ఆగిపోయింది.

"నన్ను అడిగుంటే చెప్పేదాన్ని కదా అత్తా," అంది ఆ అమ్మాయి.

ఆ మాట కత్తెరత్తకు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. ఆ రోజు అంట్లు కడుగుతూ నాతో, "ఒక్కరినీ అడగలేదే నేను. అందరూ నాలాంటి వాళ్ళేననుకున్నాను" అని ఏడ్చింది. ఈ ఏడాది నుంచి అడుగుతోంది, ఒక్కొక్కరినీ పక్కకు పిలిచి, మార్చమంటారా ఉంచమంటారా అని. పదిమందిలో ఆరేడుగురు మార్చమనే అంటున్నారు. వాళ్ళకు ఎప్పటిలాగే గుండీ కూడా మిగల్చకుండా మారుస్తోంది.

ఆ ఆదివారం హాల్లో మాత్రం మెట్లమ్మాయి అప్పటికే గిన్నె బల్ల మీద పెట్టి కోటు విప్పేసింది. "తీసుకోండి బాబాయ్. నాకు తెలియదు. తెలిస్తే నేనే తెచ్చి ఇచ్చేదాన్ని," అంటూ ఆయన ఒడిలో పెట్టింది. లోపల అవే రెండు చొక్కాలు, ఒకదానిమీద ఒకటి.

బాబాయ్ కోటును లోపలి వైపుకు తిప్పాడు. లైనింగు పాతదే. ఎవరికీ కనపడదని కత్తెరత్త దాన్ని మార్చలేదు. అరచెయ్యి దానిమీద పెట్టి ఉంచాడు. మా బల్ల దగ్గర ఎవరూ తినడం లేదు. అందరూ చూస్తున్నారని కూడా ఆయనకు పట్టలేదు. కళ్ళ నీళ్ళు తుడుచుకోలేదు.

కాసేపటికి లేచి, కోటు విప్పి పట్టుకుని, "చెయ్యి దూర్చు తల్లీ," అన్నాడు. భార్యకు అన్నేళ్ళూ అలాగే పట్టుకున్నాడేమో, భుజం దగ్గర సర్దిన తీరు అలవాటైన చేతులది. ఆ అమ్మాయి వద్దంటూనే ఒక చెయ్యి దూర్చింది, తర్వాత రెండోది.

"మెట్లు ఊడవడానికి పొద్దున ఎన్నింటికి వస్తావు?" అని అడిగాడు.

"ఆరున్నరకు బాబాయ్."

భార్య పోయాక ఆ మనిషి పొద్దెక్కేదాకా తలుపు తియ్యడం లేదని మేమంతా ఎరుగుదుం.

"కోటు కింద పెట్టకు. వేసుకునే పైకి రా," అన్నాడు. "మా తలుపు తీసే ఉంటుంది."