డ్రైవరు లేని బస్సు గురించి అమ్మ మాట

మోకాళ్ల నొప్పులు ముదిరాక అమ్మను నెలనెలా తాడిపత్రి నుంచి అనంతపురం ఆసుపత్రికి బస్సులో తీసుకెళ్లేదాన్ని. ఆమెకు నొప్పికన్నా బస్సు మెట్లంటేనే భయం. కింద నుంచి నేను ఎత్తాలి, పైనుంచి ఎవరో ఒకరు చెయ్యి అందించాలి.

పోయిన ఎండాకాలం అలాగే ఎక్కించి కూర్చోబెట్టి, ఆయాసం తీరాక, ఫోన్లో ఒక వీడియో చూపించాను. ఏదో దేశంలో డ్రైవరు లేకుండా తిరిగే బస్సు. ఆగగానే ఒక పక్కకు నేల దాకా వంగింది. చక్రాల కుర్చీలో ఉన్న ఒకామె ఎవరి సాయమూ లేకుండా లోపలికి వెళ్లిపోయింది.

"మెట్లు లేకపోవడం బాగుండాది," అంది అమ్మ. "అయితే నేను యాడో చేను కాడ నిలబడి చెయ్యెత్తితే ఎవరు ఆపుతారు పాపా?"

వెనక సీట్లో కూర్చున్న సాయిబు ఒకాయన మాట కలిపాడు. బండల పాలిష్ పనికి పోతున్నాడట. "డ్రైవర్లు చాల్లేదని మా ఊరి బస్సే నిలిపేసినారమ్మా, రోడ్డు దాకా నడిచొచ్చి దీన్నెక్కుతాం. మనిషి లేని బస్సయినా సరే, వస్తే సాలు. ఎక్కేస్తాం."

అమ్మ నవ్వింది గానీ ఒప్పుకోలేదు.

కొంతదూరం పోయాక బస్సు నెమ్మదించి, రోడ్డు పక్కకు జరిగి ఆగిపోయింది. డ్రైవరు స్టీరింగు మీద తల వాల్చేశాడు. కండక్టరూ సాయిబూ ఆయన్ను దించి వేపచెట్టు నీడలో పడుకోబెట్టారు. అమ్మ కూడా పట్టుబట్టి దిగింది. ఆయన పక్కనే చతికిలబడి, తన సీసాలోని మజ్జిగ తాగించింది.

"ఏమప్పా, పొద్దున ఏమన్నా తిన్యావా?"

"లేదమ్మా. రాత్రి డ్యూటీ దిగినా. ఇంకో మనిషి లేడని మళ్లీ ఎక్కించినారు. కండ్లు తిరిగినాయి."

అంబులెన్సు వచ్చి తీసుకెళ్లేదాకా, మాకు వేరే బస్సు దొరికిందా అనే అడుగుతున్నాడాయన.

తర్వాతి బస్సు కిటకిటలాడుతూ వచ్చింది. ఎవరో లేచి అమ్మకు సీటిచ్చారు. అనంతపురం దగ్గరపడుతుండగా ఆమె నావైపు తిరిగింది.

"ఆ మనిషి లేని బండి రానీలే పాపా. రాత్రి పూట అదే తిరగనీ, ఆ డ్రైవరు మాదిరోళ్లు ఇంట్లో పండుకుంటారు. అయితే లోపల పలకరించే మనిషి ఒకడుండల్ల."

ఆ వీడియో తీసినవాళ్లకు కూడా అంత తట్టి ఉండదనిపించింది నాకు.

మరుసటి నెల కండక్టరును అడిగాను. డ్రైవరు వారం సెలవు పెట్టి, కోలుకుని, మళ్లీ డ్యూటీలో చేరాడట. నడిపే ఇంకో మనిషి లేక ఆ వారమంతా ఆయన బస్సు తిరగలేదట. సాయిబూ ఆయన జతగాళ్లూ బండల లారీలెక్కి పనికి పోయారట.